మేడం గారి పస్తు సీసా

మా బోటనీ మేడం పోయారని మొన్న మంగళవారం పొద్దున్న కాలేజీ ల్యాబ్ అటెండరు గారు ఫోన్ చేసి చెప్పారు. "అమ్మా, మేడం గారు లేరమ్మా. నమాజుకి లేచి, కళ్ళు తిరుగుతున్నాయని గోడకి ఆనుకుని కూచున్నారంట. అంతేనంట" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. అవతల ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోవడం కాసేపు ఇద్దరం విన్నాం.

నేనిప్పుడు భీమవరంలో, చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబులో పని చేస్తున్నాను. డిగ్రీ అయిన నాలుగేళ్ళలో ఇది మూడో ఉద్యోగం. బల్ల మీద ఎవరో రైతు తెచ్చిన నీళ్ళ బాటిల్ ఉంది. చేతులకి ఏం పని చెప్పాలో తోచక దాన్ని తీసి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. ఆరో నంబరు పచ్చ. అలా అనుకున్నాకగానీ తట్టలేదు, ఆ నంబర్లు ఏ పుస్తకంలోనూ లేవని, అవి మేడం గారి సొంతమని.

ఆవిడ పొట్టి మనిషి. మోచేతులు దాటిన జాకెట్టు, గంజి పెట్టిన నూలు చీర, తల మీద కొంగు. మొదటి ఏడాది పిల్లల్ని కూడా 'మీరు' అనేవారు. "ఏవండీ, ఆ కిటికీ దగ్గర అమ్మాయి గారూ, శైవలాలంటే ఏంటో కాస్త చెప్తారా?" అంటే క్లాసంతా నవ్వేది. కిటికీ దగ్గర అమ్మాయి గారిని నేనే. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో ఏలూరు వచ్చేదాన్ని. భీమడోలు, దెందులూరు దాటేసరికే ఆ రోజుకి సరిపడా చదువు అయిపోయినట్టు ఉండేది నాకు. ఏదీ చివరిదాకా వినే అలవాటు లేదు. శైవలాలంటే మన ఊళ్ళో తూముల దగ్గర పట్టే పాచేనని, అందులో కంటికి కనపడనివి కొన్ని వందల రకాలున్నాయని ఆవిడ చెప్తుంటే మాత్రం కిటికీ వదిలేసి విన్నాను.

మేడం ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో పుట్టారు. వాళ్ళ నాన్నగారు ఉన్నికి రంగులు అద్దేవారు. ఆయన దగ్గర్నుంచి వచ్చిన వస్తువొకటి ఎప్పుడూ ఆవిడ హ్యాండ్ బ్యాగులో ఉండేది. ఒక దారానికి వరసగా ముడివేసిన పన్నెండు ఉన్ని కుచ్చులు. మొదటిది ఏ రంగూ వెయ్యని తెలుపు. రెండోది లేత పెసర, తర్వాత చిలకపచ్చ, అలా ముదురుతూ ముదురుతూ పన్నెండోది దాదాపు నలుపు. చెరువు నీళ్ళని గాజు సీసాలో పోసి, పక్కన ఈ దారం పట్టుకుని, ఇది నాలుగు, ఇది ఏడు అని చెప్పేవారు. కాలేజీలో మైక్రోస్కోపులు లేక కాదు. "ముందు కంటికి పని చెప్పండి. అది చూడలేకపోతే అప్పుడు గాజుని అడుగుదాం" అనేవారు.

"మరి ఈ తెల్లది ఎందుకండీ? తెల్ల నీళ్ళు ఉండవుగా?" అని ఒకసారి అడిగాను.

"మా నాన్నగారు ఏ రంగు తొట్టి కలిపినా పక్కన ఇంత తెల్ల ఉన్ని పెట్టుకునేవారండీ. అదే పనిగా రంగుల్నే చూస్తే కన్ను మోసపోతుంది. మధ్యమధ్యలో తెలుపుని చూసుకోవాలి."

ల్యాబు కిటికీలో హార్లిక్స్ సీసాలు బారుగా ఉండేవి, మూతులకి గుడ్డలు కట్టి. "మేడం గారు మళ్ళీ ఊరగాయ పెట్టారండోయ్!" అనేవారు అటెండరు గారు. మేడం కూడా తక్కువ తినలేదు. "ఊరాక మీకే మొదటి ముద్దండీ" అనేవారు. ఆ సీసాల పద్ధతి ఇదీ: ఒకే చెరువు నీళ్ళు నాలుగు సీసాల్లో పొయ్యాలి. ఒకదాన్లో చిటికెడు యూరియా. ఒకదాన్లో చిటికెడు సూపర్ ఫాస్ఫేటు. మూడోదాన్లో రెండూ. నాలుగోదాన్లో ఏమీ వెయ్యకూడదు. దాన్ని పుస్తకాల్లో కంట్రోలంటారు, మేడం 'పస్తు సీసా' అనేవారు. పది రోజులు ఎండ తగిలేచోట ఉంచి, రోజూ రంగు చూసి రాసుకోవాలి. ఏది ముందు పచ్చబడితే ఆ నీళ్ళకి ఆ తిండి తక్కువైందన్నమాట. "పాచికి ఏది ఇష్టమో కాదండీ, ఏది చాలట్లేదో అడగాలి. అన్నీ ఉండి ఒక్కటి లేకపోతే ఆ ఒక్కటి దగ్గరే ఆగిపోతుంది."

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి నేను మా బాబాయి చెరువు నీళ్ళు తెచ్చాను. బాబాయిది కొల్లేరు పక్కన, సరస్సుకి హద్దుగా గీసిన ఐదో కాంటూరుకి బయట పట్టా భూమి. వరి మానేసి చేపలు వేశాడు. ఆ సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: మా వైపు చేపల చెరువుకి కూడా పొలానికి వేసినట్టే ఎరువు వేస్తారు. యూరియా, సూపర్, లారీల కొద్దీ కోళ్ళ ఎరువు. అది తిని నీళ్ళలో సన్నటి పాచి పెరుగుతుంది, నీళ్ళు పచ్చబడతాయి, దాని మీద చేప బతుకుతుంది. అందుకే గట్ల మీద ఇద్దరు ఎదురుపడితే "మీ నీళ్ళెలా ఉన్నాయండీ?" అని అడుగుతారు, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం అడిగినట్టు. ఎంత పచ్చగా ఉంటే అంత గొప్ప. బాబాయి ఆ ఏడాది చెరువు మీదే ఆశంతా పెట్టుకున్నాడు. వరి పోయింది, ఇదీ పోతే మళ్ళీ దేనికి తిరగాలో ఆయనకి తెలీదు.

నాలుగో రోజుకే నా సీసాల్లో సూపర్ వేసిన రెండూ నాలుగో నంబరు పచ్చకి వచ్చేశాయి. యూరియాది, పస్తుది తేటగా ఉన్నాయి. ఇంకేముంది, తేలిపోయిందనుకున్నాను. సూపర్ రెట్టింపు వేస్తే ఎలా ఉంటుందో చూద్దామని బుర్రలో పురుగు తొలిచింది. ఖాళీ సీసా లేదు. పస్తు సీసాలో నీళ్ళు సింకులో పారబోసి, కడిగి, అందులో చెరువు నీళ్ళే మళ్ళీ పోసి రెట్టింపు సూపర్ వేశాను. ఏమీ జరగని సీసాని చూస్తూ కూర్చోవడం నాకు టైము దండగగా కనపడింది. ఆ సాయంత్రం స్టేషన్ బయట ఎస్టీడీ బూత్ నుంచి బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, నీ చెరువుకి సూపర్ చాలట్లేదు. ల్యాబులో తేలింది."

"అట్టాగా! ఎంతెయ్యమంటావే మరి?"

"మామూలుగా వేసేదానికి రెట్టింపు వెయ్యి."

"అలాగేనే. మా అమ్మాయి బీఎస్సీ చెప్పాక ఇంకేంటి!" అన్నాడు. గట్టు మీద కనపడిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పాడని తర్వాత పిన్ని అంది.

తొమ్మిదో రోజున అటెండరు గారు ఊడుస్తూ, "అమ్మాయి గారూ, మీ నీళ్ళ డబ్బా పాచి పట్టేసిందండీ. కడిగెయ్యమంటారా?" అన్నారు. బాబాయి చెరువు నుంచి నేను తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా అది. సగం నీళ్ళు మిగిలితే సింకు పక్కన, కిటికీ కింద వదిలేశాను. ఎవరూ ఏమీ వెయ్యలేదు. మూత తీస్తే చిక్కటి పచ్చ. మేడం వచ్చి కాస్త గ్లాసులోకి వంచి, ఉన్ని దారం పక్కన పట్టుకున్నారు.

"ఐదు. ఇందులో ఏం వేశారండీ?"

"ఏమీ వెయ్యలేదండీ."

"మరి మీ పస్తు సీసా ఏదండీ?"

నేను సింకు వంక చూశాను. ఆవిడ కిటికీలో సీసాల వంక ఒకసారి చూశారు. నేను చూడటం మానేసిన యూరియా సీసా కూడా పచ్చ తిరిగింది. రెట్టింపు సూపర్ అని నా దస్తూరీతో అంటించిన కాగితం చూశారు. కోప్పడలేదు. "ఈ చెరువులో తిండి ముందే ఉందండీ. కోళ్ళ ఎరువులోంచి నెమ్మదిగా దిగుతోంది. మీ సూపర్ దాన్ని నాలుగు రోజులు తొందరపెట్టింది, అంతే. ఆలస్యంగా వచ్చేదాన్ని అసలు లేదనుకున్నారు మీరు" అన్నారు. ఆ తర్వాత, "బాబాయి గారికి ఏమైనా చెప్పారా?" అని అడిగారు.

అప్పుడే ఫోన్ చేశాం. బాబాయి హుషారుగా ఉన్నాడు. "నీ చలవే అమ్మాయ్! మూడ్రోజులు చిలకపచ్చగా తిరిగాయి నీళ్ళు. ఇవాళ మూలన కొంచెం మీగడ కట్టింది, అంతే." మీగడ అన్న మాట నేను పైకి చెప్పగానే మేడం బ్యాగు సర్దుకున్నారు. "రేపు మొదటి బస్సుకి వెళ్దామండీ" అన్నారు.

ఏలూరులో కైకలూరు బస్సెక్కి, మధ్యలో దిగి, గట్టు మీద నడిచి వెళ్ళేసరికి ఎండ ఇంకా పదునెక్కలేదు. గాలి వాలున్న మూల నీళ్ళ మీద ఎవరో పచ్చ పెయింటు డబ్బా ఒలకబోసినట్టుంది. తడి గడ్డి కుళ్ళిన వాసన. మధ్యలో చేపలు నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం తన్నుకుంటున్నాయి. మేడం దారం తీసి చూసి, మళ్ళీ బ్యాగులో పెట్టేశారు. అందులో అలాంటి పచ్చ లేదు.

బాబాయి ఇంజను షెడ్డు ముందు నీలం మూట విప్పుతున్నాడు. "మైలుతుత్తం తెప్పించానండీ మేడం గారూ. ఇవాళ కొట్టేస్తే రేపటికి తేటబడిపోతాయి."

"కొట్టకండి బాబూ. ఇది విషప్పాచి. ఒక్కసారిగా చంపితే దాని ఒంట్లో ఉన్నదంతా నీళ్ళలో పడుతుంది. కుళ్ళేటప్పుడు ఆ చేపలకున్న కాస్త గాలీ తినేస్తుంది."

"అయితే చూస్తా కూచోమంటారా?"

"కూచోనివ్వను. ఇంట్లో పాత చీరలున్నాయా?"

పిన్ని నాలుగు చీరలు తెచ్చింది. రెండేసి మనుషులు చెరో అంచు పట్టుకుని మూలనున్న మీగడని చీరలతో చేది, దూరంగా గుంట తీసి పూడ్చారు. ఇంజను పెట్టి కాలవ నీళ్ళు చెరువులోకి తోడించారు. ఎరువు ఆపారు. చేపలు పొడుచుకు తినేలా కన్నాలు పెట్టి తాళ్ళకి వేలాడదీసిన మేత సంచులు విప్పించారు. గేదెల్ని ఆ వైపు రానివ్వలేదు. మేడం గొడుగేసుకుని గట్టు మీద నిలబడి గంటకోసారి నీళ్ళు తీయించి చూస్తూనే ఉన్నారు. "మేడం గారూ, కూచోండి, కాళ్ళు పీకుతాయి" అని పిన్ని కుర్చీ తెస్తే, "కూర్చుంటే నీళ్ళు అడ్డంగా కనపడతాయమ్మా, రంగు తెలీదు" అన్నారు. మూడు రోజులు అలాగే వచ్చారు, మొదటి బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళి. బొచ్చె చేపల్లో సగం దాకా పోయాయి. శీలావతులు చాలావరకు బతికాయి. చెరువు నిలబడింది.

మూడో రోజు వెళ్ళేముందు బాబాయి అడిగాడు. "అసలేమైందంటారండీ? ఏటా ఇదే సూపర్. ఎరువుల కొట్టాయన కల్తీ సరుకు అంటగట్టాడంటారా?"

"సరుకుది తప్పు కాదనుకుంటానండీ" అన్నారు మేడం. "మీ అమ్మాయి గారికి తెలుసు, చెప్తారు." అలా అని చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళిపోయారు. కావాలనే మెల్లగా కడుక్కున్నారు. ఆ బోరు చప్పుడు నాకింకా గుర్తుంది.

బాబాయి నా వంక చూస్తున్నాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నేను, "ఎండాకాలం కద బాబాయ్, నీళ్ళు వేడెక్కాయి" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు, ఎండకి ఆ పాచి ఇంకా జోరుగా పెరుగుతుంది. అడిగింది మాత్రం అది కాదు. బాబాయి తల ఊపి, "వేడి ఒక్కటే అయ్యుండదే. ఆ కొట్టాయన పనే" అన్నాడు.

బస్సులో మేడం నాకు కిటికీ సీటు ఇచ్చారు. "చెప్పారా?"

"లేదండీ."

"సరే" అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నా ప్రాజెక్టు రికార్డులో మాత్రం నాలుగో గడి నింపకుండా వదిలేస్తే, దాన్లో 'నాలుగో రోజున పారబోశాను' అని రాయించి, పక్కన సంతకం పెట్టించారు. "ఒకచోట రాసినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇంకోచోట చెప్పగలరండీ." మార్కులు బాగానే వేశారు. అది ఇంకా కష్టంగా ఉంది.

డిగ్రీ అయ్యాక, నేను ఉద్యోగాలు మారుతున్నప్పుడల్లా ఫోన్ చేసేదాన్ని. "ఈసారేం నచ్చలేదండీ?" అని నవ్వేవారు. ఎప్పుడు మాట్లాడినా చివర్లో "బాబాయి గారు కులాసాగా ఉన్నారా?" అనేవారు. అడిగింది అంతే. నేను "బాగున్నారండీ" అనేదాన్ని. బాబాయి బాగానే ఉన్నాడు. బాగులేనిది ఎరువుల కొట్టాయన. బాబాయి ఆయనతో మాటలు మానేశాడు, పక్క చెరువులవాళ్ళని కూడా మాన్పించాడు. పెళ్ళిళ్ళలో ఇద్దరూ ఒక బంతిలో కూర్చునేవారు కాదు.

రిటైరయ్యాక మేడం దృష్టి సముద్రం మీదికి మళ్ళింది. "మన చెరువులు కడిగిన నీళ్ళు, మన వరి చేలల్లో మిగిలిన యూరియా, అన్నీ కొల్లేట్లోంచి ఉప్పుటేరు పట్టుకుని ఎక్కడికి పోతున్నాయండీ?" అనేవారు. పోయినేడు ఒకసారి నన్ను వెంటబెట్టుకుని ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోటికి వెళ్ళారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కాస్త ఎత్తి, అలలో సీసా ముంచారు. అక్కడ చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"సముద్రప్పాచిలో కొన్ని విషపు జాతులున్నాయండీ. అన్నీ ఒకలా ఉండవుగానీ, వాటిలో కొన్ని చిత్రం. అన్ని తిళ్ళూ సమంగా దొరికితే పెరుగుతాయి, విషం తక్కువే. నత్రజని దండిగా ఉండి భాస్వరం చాలకపోతే పెరగడం ఆగిపోతుంది. అప్పుడు ఒంట్లో విషం పోగుపడుతుంది. దాన్ని తిన్న ఆల్చిప్పకి ఏమీ అవదు. ఆ ఆల్చిప్పని తిన్న మనిషికి మూతి తిమ్మిరెక్కుతుంది. ముదిరితే ఊపిరే అందదు."

"అయితే మన చెరువులో ఎక్కువై చెడితే, ఇక్కడ తక్కువై చెడుతుందన్నమాట."

"ఎక్కువ, తక్కువ కాదండీ. ఒకటి మరీ ఉండి, ఇంకోటి లేకపోవడం. అది తెలియాలంటే సీసాలు పెట్టాలి, ఓపిగ్గా చూడాలి." అని నా వంక చూసి, "ఈసారి పారబొయ్యకండేం" అన్నారు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఇసుక వంక చూశాను.

మంగళవారం మధ్యాహ్నానికి ఏలూరులో వాళ్ళింటికి చేరాను. మగవాళ్ళు అప్పటికే ఆవిడని తీసుకెళ్ళిపోయారు. ముందు గదిలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. మేడం చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "తాడేపల్లిగూడెం అమ్మాయివి కదూ? మా అక్క చెప్పేది, నీకు కాళ్ళు నిలవవని" అంది. ఏడుస్తూనే నవ్వింది. తర్వాత లోపలికి తీసుకెళ్ళి కిటికీ చూపించింది. నాలుగు సీసాలు. మూడింటికి కాగితాలు అంటించి ఉన్నాయి, మూడూ రకరకాల పచ్చలు. నాలుగోదానికి కాగితం లేదు. మెడకి తెల్ల ఉన్ని కుచ్చు కట్టి ఉంది, దారం నుంచి విప్పి.

"ఇవన్నీ తీసెయ్యమంటావా అమ్మా? ఇందులో వట్టి నీళ్ళే ఉన్నాయి, ఇదైనా పారబోసి కడిగిపెట్టుకోనా?"

"వద్దండీ. అది నాకివ్వండి" అన్నాను. గొంతు కాస్త గట్టిగా వచ్చినట్టుంది, ఆవిడ వెంటనే ఇచ్చేసింది.

భీమవరం వెళ్ళే బస్సు బాబాయి వాళ్ళ ఊరి మీదుగానే పోతుంది. ఆ రోజు అక్కడ దిగాను. గుడ్డ కట్టిన సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నన్ను దారంతా కండక్టరు వింతగా చూశాడు.

బాబాయి షెడ్డు దగ్గర మేత సంచులకి కన్నాలు పొడుస్తున్నాడు. మేడం పోయారని చెప్తే పని ఆపి, భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మూడ్రోజులు ఎండలో నిలబడ్డారే ఆవిడ. మన చేత మంచినీళ్ళు తప్ప పుచ్చుకోలేదు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. నాలుగో రోజు సంగతి, సింకు సంగతి, డబ్బా తనంతట తను పచ్చబడ్డ సంగతి, ఎండ మీదికి నెట్టేసిన సంగతి. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా చెప్పాను. సీసా చూపించాను.

బాబాయి మళ్ళీ దబ్బనం అందుకున్నాడు. ఒక సంచి పూర్తిగా కన్నాలు పొడిచి పక్కన పడేశాడు. "ఇదేనా నువ్వు పారబోసింది?"

"ఇలాంటిది."

"ఏమీ వెయ్యని నీళ్ళు."

"అవును బాబాయ్."

"నా మొహం చూసి ఎండ అన్నావే అప్పుడు."

బాబాయి ఇంకో సంచి తీసుకున్నాడు, పొడవలేదు. "అంటే, నాలుగేళ్ళబట్టి ఆ కొట్టాయన్ని ఉత్తి పుణ్యానికి తిడతన్నానన్నమాట. మొన్న వాళ్ళమ్మ పోతే పలకరించడానిక్కూడా ఎల్లలేదు నేను."

లేచి చొక్కా తొడుక్కున్నాడు. పిన్ని ఇంట్లోంచి, "ఎక్కడికండీ, అన్నం వడ్డించాను!" అని కేకేసింది.

"వచ్చి తింటానే. అమ్మాయికి పెట్టు" అని మోపెడ్ బయటికి తీశాడు. నేనూ వస్తానన్నాను. "నీ మాట తర్వాత చెప్పుకుందువుగాని. ముందు నాది నన్ను చెప్పుకోనీ" అన్నాడు. కోపంగా అన్నాడో మామూలుగా అన్నాడో తెలీలేదు.

బండి గట్టెక్కింది. నేను సీసాని షెడ్డు కిటికీలో పెట్టి, మెడనున్న తెల్ల కుచ్చు సరిచేసి, వంగి అందులోంచి చూశాను. నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి. గుండ్రటి సీసాలో నీళ్ళు కుడిని ఎడమ చేస్తాయి కదా, వాటిలోంచి చూస్తే గట్టు మీద బాబాయి, చిన్నగా, వెళ్తున్న వైపు కాకుండా వచ్చిన వైపుకే తిరిగి వస్తున్నట్టు కనపడ్డాడు.